హ్యూస్టన్ కూగర్స్‌పై కొండంత ఆశ.. రెండు పాయింట్ల బాకీ ఈసారైనా తీరుతుందా?

2025 ఏప్రిల్ 8, మంగళవారం పొద్దున. హైదరాబాద్‌లో జనం చాయ్ తాగి డ్యూటీలకు బయల్దేరే టైం. అమెరికాలో మాత్రం అది ఇంకా సోమవారం రాత్రే. టెక్సాస్ రాష్ట్రం శాన్ ఆంటోనియోలో కాలేజీ బాస్కెట్‌బాల్ జాతీయ ఫైనల్ ఆఖరి సెకన్లకు వచ్చింది. ఫ్లోరిడా 65, హ్యూస్టన్ 63. బంతి హ్యూస్టన్ చేతిలోనే ఉంది. ఇమాన్యుయేల్ షార్ప్ మూడు పాయింట్ల గీత బయట నుంచి షాట్ కోసం గాల్లోకి లేచాడు. ఎదురుగా ఫ్లోరిడా ఆటగాడు వాల్టర్ క్లేటన్ మీదికి దూసుకొచ్చాడు. షాట్ వేస్తే కొట్టేస్తాడని షార్ప్ బంతిని కింద వదిలేశాడు. దాన్ని మళ్లీ తానే ముట్టుకుంటే రూల్ ప్రకారం తప్పు. ముట్టుకోకపోతే ఆట పోతుంది. బంతి నేల మీద ఎగురుతుంటే షార్ప్ చూస్తూ ఉండిపోయాడు. ఫ్లోరిడా వాళ్లు దాని మీద పడి పట్టుకున్నారు. టైం అయిపోయింది.

సెకండ్ హాఫ్‌లో ఒక దశలో 12 పాయింట్ల ముందున్న జట్టు, చివరికి ఒక్క షాట్ కూడా వేయలేక రెండు పాయింట్లతో ఓడిపోయింది. ఆ రాత్రి నుంచి హ్యూస్టన్ అభిమానుల నోట ఒకటే మాట: వచ్చే ఏడాది చూసుకుందాం.

ఆ వచ్చే ఏడాది ఇప్పుడు వచ్చేసింది. 2025 నవంబర్ 3న కొత్త సీజన్ మొదలు. అక్టోబర్‌లో వచ్చిన ఏపీ వార్తాసంస్థ ర్యాంకింగ్స్‌లో పర్డ్యూ మొదటి స్థానంలో, హ్యూస్టన్ రెండో స్థానంలో నిలిచాయి. కప్పు గెలిచిన ఫ్లోరిడాది మూడో స్థానం. హ్యూస్టన్ ఆడే బిగ్ 12 లీగ్‌లో కోచ్‌లు కూడా ఈసారి హ్యూస్టనే మొదటి స్థానంలో ఉంటుందని అంచనా వేశారు. ఇక అభిమానుల సంగతి చెప్పేదేముంది? "ఈసారి టైటిల్ రాకపోతే సీజన్ దండగ" అనేదాకా పోయింది వ్యవహారం.

ఈ ఆశలో న్యాయం ఎంత, అత్యాశ ఎంత? అభిమానులు పోయిన ఏడాది లెక్కను పట్టుకుని కూర్చున్నారు. జట్టు మాత్రం పోయిన ఏడాదిది కాదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

మనకెందుకు ఈ ముచ్చట?

మన దగ్గర కాలేజీ టీం అంటే ఇంటర్ యూనివర్సిటీ మీట్, ఒక కప్పు, నోటీస్ బోర్డు మీద ఒక ఫొటో. అంతవరకే. అమెరికాలో కథ వేరు. అక్కడ చాలా ఊళ్లకు యూనివర్సిటీ జట్టే సొంత జట్టు. ఎప్పుడో చదువు అయిపోయి తలనెరిసిన వాళ్లు కూడా ఆ రంగు చొక్కా వేసుకుని మ్యాచ్‌కు వస్తారు. టీవీ హక్కులు, టికెట్లు, దాతల విరాళాలు కలిపితే అది పెద్ద వ్యాపారం.

హ్యూస్టన్‌తో మన బంధం కూడా కొత్తది కాదు. కేటీ, షుగర్‌ల్యాండ్, పియర్‌ల్యాండ్ లాంటి శివారు ఊళ్లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. హిల్‌క్రాఫ్ట్ రోడ్డు చుట్టుపక్కల మన బిర్యానీ, మన కిరాణా, మన భాషలు అన్నీ దొరుకుతాయి. ఆ ప్రాంతానికి మహాత్మా గాంధీ డిస్ట్రిక్ట్ అనే పేరు కూడా పెట్టారు. యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్‌లో చదువుకునే పిల్లల్లో తెలంగాణ, ఆంధ్ర నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఇంట్లో క్రికెట్ తప్ప ఇంకోటి చూడనివాళ్లు అక్కడికి పోయాక ఎర్ర టీషర్ట్ వేసుకుని ఫెర్టిటా సెంటర్‌లో నిలబడి అరుస్తారు. పరాయి దేశంలో "మాది" అనుకోవడానికి ఒక జట్టు దొరకడం చిన్న విషయం కాదు.

మన సముదాయానికి ఇంకో బంధం ఉంది. ఆ పేరు హకీమ్ ఒలాజువాన్. నైజీరియాలోని లాగోస్ నుంచి 1980లో ఈ యూనివర్సిటీకి వచ్చిన ముస్లిం కుర్రాడు. తర్వాత ఎన్‌బీఏలో ఇదే ఊరి రాకెట్స్ జట్టుకు 1994, 1995లో వరుసగా రెండు టైటిళ్లు తెచ్చాడు. రంజాన్‌లో రోజా ఉండి మ్యాచ్‌లు ఆడాడు. 1995 ఫిబ్రవరి అంతా దాదాపు రంజాన్ నెలే, ఆ నెలకు ఎన్‌బీఏ ఉత్తమ ఆటగాడు ఆయనే. హ్యూస్టన్ డౌన్‌టౌన్‌లో పాత బ్యాంకు భవనాన్ని కొని మస్జిద్‌గా, ఇస్లామిక్ దావా సెంటర్‌గా మార్చడం వెనక ఉన్నదీ ఆయనే.

అలాంటి ఒలాజువాన్‌కు కూడా కాలేజీ టైటిల్ దక్కలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వద్దాం.

నలభై ఏళ్ల బాకీ

హ్యూస్టన్ ఇప్పటికి ఏడుసార్లు ఫైనల్ ఫోర్‌కు, అంటే జాతీయ టోర్నీ సెమీఫైనల్‌కు చేరింది. 1967, 1968, 1982, 1983, 1984, 2021, 2025. మూడుసార్లు ఫైనల్ ఆడింది. టైటిల్ మాత్రం సున్నా.

1968 జనవరి 20న ఆస్ట్రోడోమ్‌లో 52,693 మంది ముందు ఎల్విన్ హేస్ 39 పాయింట్లు కొట్టి యూసీఎల్‌ఏను 71-69తో ఓడించాడు. దాన్ని శతాబ్దపు మ్యాచ్ అని ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే యూసీఎల్‌ఏ మార్చిలో సెమీఫైనల్‌లో హ్యూస్టన్‌ను చిత్తు చేసి బదులు తీర్చుకుంది. 1983లో ఒలాజువాన్, క్లైడ్ డ్రెక్స్‌లర్ ఉన్న జట్టు ఫైనల్లో కచ్చితంగా గెలుస్తుందని అందరూ అనుకున్నారు. నార్త్ కరోలినా స్టేట్ చివరి సెకనులో బంతిని బుట్టలో వేసి 54-52తో కప్పు ఎగరేసుకుపోయింది. అప్పుడూ రెండు పాయింట్లే. 1984 ఫైనల్లో జార్జ్‌టౌన్ చేతిలో 84-75.

ఆ తర్వాత చీకటే. 1984 నుంచి 2018 దాకా జాతీయ టోర్నీలో హ్యూస్టన్ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. 34 ఏళ్లు! ఒక తరం అభిమానులు పాత ఫొటోలు చూసుకుంటూ బతికారు.

2014లో కెల్విన్ సాంప్సన్ కోచ్‌గా వచ్చాడు. నార్త్ కరోలినాకు చెందిన లంబీ ఆదివాసీ తెగ మనిషి. అంతకుముందు ఇండియానా యూనివర్సిటీలో ఉండగా ఆటగాళ్లకు ఫోన్లు చేసే విషయంలో నిబంధనలు ఉల్లంఘించాడని 2008లో పదవి పోయింది, కాలేజీ ఆట నుంచి ఏళ్ల తరబడి దూరంగా ఉండాల్సి వచ్చింది. అంటే ఊరూ, కోచ్ ఇద్దరూ పోగొట్టుకున్నదాన్ని వెతుక్కుంటున్నవాళ్లే. మొదటి సీజన్‌లో 13 గెలుపులు, 19 ఓటములు. అక్కడి నుంచి మెల్లగా కట్టుకుంటూ వచ్చాడు. 2018లో పాత స్టేడియాన్ని బాగు చేసి 7,100 సీట్ల ఫెర్టిటా సెంటర్‌గా మార్చారు. 2021లో ఫైనల్ ఫోర్. 2023లో బిగ్ 12 లాంటి పెద్ద లీగ్‌లో అడుగు. కొత్తగా వచ్చినవాళ్లు అక్కడ దెబ్బ తింటారనుకుంటే మొదటి రెండేళ్లూ లీగ్ టైటిల్ హ్యూస్టన్‌దే. పోయిన సీజన్‌లో లీగ్ మ్యాచ్‌లు 19 గెలిచి ఒక్కటి ఓడింది. మొత్తం మీద 35 గెలుపులు, 5 ఓటములు.

ఫైనల్‌కు ముందు సెమీస్‌లో డ్యూక్‌తో జరిగింది చూసినవాళ్లు మర్చిపోలేరు. ఎనిమిది నిమిషాలు మిగిలి ఉండగా 14 పాయింట్లు వెనక. చివరి 35 సెకన్లలో కూడా ఆరు పాయింట్లు వెనకే. అక్కడి నుంచి 70-67తో గెలిచింది. అలా గెలిచిన జట్టు, రెండు రోజుల తర్వాత అలా ఓడింది. అభిమానుల గుండెల్లో మంట ఎందుకు ఆరలేదో ఇప్పుడు అర్థమవుతుంది.

ఎవరు పోయారు, ఎవరు ఉన్నారు, ఎవరు వచ్చారు

ఇక అసలు లెక్కకు వద్దాం. నేను బీకాం చదివినవాణ్ని, బ్యాలెన్స్ షీట్ చూడకుండా కంపెనీ గురించి మాట్లాడొద్దని మా లెక్చరర్లు చెప్పేవాళ్లు. అదే పద్ధతిలో చూద్దాం.

పోయినవాళ్లు: పోయిన సీజన్‌లో జట్టుకు ఎక్కువ పాయింట్లు తెచ్చిన ఎల్‌జే క్రయర్. బేలర్ తరఫున 2021లో టైటిల్ గెలిచిన జట్టులో ఉన్నవాడు, పెద్ద మ్యాచ్ అంటే బెదిరేవాడు కాదు. రెండోవాడు జె-వాన్ రాబర్ట్స్. ఆరేళ్లు ఇదే జట్టులో ఉన్నాడు. డ్యూక్ మీద జట్టును ముందుకు తెచ్చిన రెండు ఫ్రీ త్రోలు వేసింది అతనే. ఇద్దరికీ కాలేజీ ఆట గడువు అయిపోయింది. బెంచ్ మీద నుంచి వచ్చి ఆదుకున్న జావియర్ ఫ్రాన్సిస్, మైలిక్ విల్సన్ కూడా లేరు. టెరెన్స్ ఆర్సెనో ఇంకో యూనివర్సిటీకి మారిపోయాడు.

ఉన్నవాళ్లు: ఇమాన్యుయేల్ షార్ప్, మిలోస్ ఉజాన్, జోసెఫ్ టగ్లర్. ఉజాన్ ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కు పేరు ఇచ్చి, మళ్లీ వెనక్కి తీసుకుని వచ్చాడు. టోర్నీలో పర్డ్యూ మీద సెకను కన్నా తక్కువ టైం ఉండగా గెలుపు బుట్ట వేసింది అతనే. టగ్లర్ హ్యూస్టన్ ఏరియా కుర్రాడే. పోయిన ఏడాది బిగ్ 12లో ఉత్తమ డిఫెండర్ అవార్డు అతనిది. షార్ప్ సంగతి చెప్పక్కర్లేదు. ఆ బంతి కింద పడిన రాత్రి తర్వాత అతను ఇంకో చోటుకు పోలేదు.

వచ్చినవాళ్లు: ఈసారి అందరూ మాట్లాడుతున్నది వీళ్ల గురించే. క్రిస్ సెనాక్ జూనియర్, ఐజయా హార్వెల్, కింగ్‌స్టన్ ఫ్లెమింగ్స్. హైస్కూల్ నుంచి నేరుగా వచ్చిన ముగ్గురు కుర్రాళ్లు, దేశంలో అగ్రశ్రేణిలో లెక్కబెట్టే ప్రతిభ. సాంప్సన్ హయాంలో ఇంత పేరున్న కొత్త బృందం హ్యూస్టన్‌కు రాలేదు.

చూశారుగా, కాగితం మీద ఆస్తి పెరిగింది. కానీ ఆస్తి రకం మారింది.

ఇన్నాళ్లూ హ్యూస్టన్ బలం పేరున్న కుర్రాళ్లు కాదు. ఎవరూ పెద్దగా పట్టించుకోని వాళ్లను తెచ్చి మూడేళ్లు, నాలుగేళ్లు, రాబర్ట్స్ లాగా ఆరేళ్లు కాచుకుని గట్టి చేయడం. ప్రాక్టీస్‌లో చుక్కలు చూపిస్తాడని సాంప్సన్‌కు పేరు. కింద పడిన బంతి కోసం నేల మీదికి దూకనివాడికి ఆయన జట్టులో చోటు ఉండదు. ఎదుటి జట్టుకు పాయింట్లు దొరకకుండా చేయడంలో దేశంలో హ్యూస్టన్‌ను మించిన జట్లు దాదాపు లేవు. ఆ డిఫెన్స్ ఒక్క వేసవిలో వచ్చేది కాదు. ఐదుగురూ ఒకరి కదలిక ఒకరికి కంఠతా వచ్చినప్పుడే కుదురుతుంది.

18, 19 ఏళ్ల పిల్లలు దీన్ని నాలుగైదు నెలల్లో నేర్చుకోవాలి. పైగా వాళ్లలో కొందరు ఏడాది తిరిగేసరికి ఎన్‌బీఏకు పోవచ్చని అందరికీ తెలుసు. అంటే సాంప్సన్ ఈసారి తనకు అలవాటు లేని వంట చేస్తున్నాడు. నెమ్మదిగా దమ్ పెట్టే ఉస్తాద్‌కు మంచి మాంసం తెచ్చిచ్చి, అరగంటలో బిర్యానీ కావాలంటే ఎలా ఉంటుంది? రుచి రావచ్చు. కానీ నవంబర్‌లో గిన్నె మూత తీసి "ఇంకా ఉడకలేదే" అని గోల చేయడం మాత్రం తప్పు.

గెలుపు అవకాశం ఎంత? కాలిక్యులేటర్ తీద్దాం

మార్చిలో జరిగే జాతీయ టోర్నీలో 68 జట్లు. ఒక్కసారి ఓడితే ఇంటికే. మన ఐపీఎల్‌లో లాగా మొదటి రెండు స్థానాల వాళ్లకు ఇంకో చాన్స్ ఉండదు. పెద్ద జట్టు కప్పు కొట్టాలంటే వరుసగా ఆరు మ్యాచ్‌లు గెలవాలి.

ఇది నా సొంత లెక్క, ఉదాహరణ కోసమే. ఒక జట్టు ప్రతి మ్యాచ్‌లోనూ గెలిచే అవకాశం 80 శాతం అనుకుందాం. చాలా గొప్ప జట్టు అన్నమాట. ఆరింటికి ఆరూ గెలిచే అవకాశం 0.8ను ఆరుసార్లు గుణిస్తే వస్తుంది: సుమారు 26 శాతం. నాలుగు సీజన్లలో మూడుసార్లు ఆ గొప్ప జట్టు కూడా ఏడుస్తూనే ఇంటికి పోతుంది. ప్రతి మ్యాచ్‌కూ 90 శాతం ఇచ్చినా మొత్తం అవకాశం 53 శాతమే, అంటే బొమ్మా బొరుసా లాంటిదే.

నిజానికి మ్యాచ్‌లు అన్నీ ఒకేలా ఉండవు. మొదటిది తేలిక, పోయేకొద్దీ కష్టం. 97, 85, 75, 65, 60, 55 శాతం అని వేసుకుంటే చివరికి మిగిలేది 13 శాతం చిల్లర. దేశంలో రెండో ర్యాంకు జట్టుకు ఇది తక్కువ అంచనా అని నేను అనుకోను.

దీనికి గాయాలు కలపండి. హ్యూస్టన్ అభిమానులకు ఈ పాఠం ఎవరూ చెప్పక్కర్లేదు. 2023లో ఫైనల్ ఫోర్ వాళ్ల ఊళ్లోనే, ఎన్‌ఆర్‌జీ స్టేడియంలో జరిగింది. సొంత ఊళ్లో కప్పు ఎత్తుతామని ఊరంతా కలలు కంది. మార్కస్ సాసర్ గజ్జల గాయంతో సతమతమయ్యాడు, జట్టు ఆఖరి 16 దశలోనే మయామీ చేతిలో 89-75తో ఓడింది. 2024లో టగ్లర్ పాదం గాయంతో టోర్నీకే లేడు. డ్యూక్‌తో మ్యాచ్ మధ్యలో జమాల్ షెడ్ చీలమండ బెణికింది. 54-51తో కథ ముగిసింది. ఆ రెండు జట్లూ చెడ్డ జట్లా? ఎంతమాత్రం కాదు. రెండూ నంబర్ వన్ సీడ్లే.

అందుకే "టైటిల్ లేకపోతే దండగ" అనే కొలబద్ద ఆటకు సరిపోదు. ఆ కొలబద్దతో కొలిస్తే ఒలాజువాన్ కాలేజీ రోజులు కూడా దండగ ఖాతాలోనే రాయాలి. మూడేళ్లు ఆడి మూడుసార్లు ఫైనల్ ఫోర్‌కు చేరినవాడిని ఫెయిల్ అని ఎవరైనా అంటారా?

డబ్బు వచ్చాక చూపు మారింది

ఈ సీజన్‌కు ఇంకో ప్రత్యేకత ఉంది. 2025 జూన్‌లో అమెరికా ఫెడరల్ కోర్టు ఒక పెద్ద ఒప్పందాన్ని ఆమోదించింది. హౌస్ కేసు అంటారు దాన్ని. దాని ప్రకారం జులై 1 నుంచి యూనివర్సిటీలు తమ ఆదాయంలో వాటాను ఆటగాళ్లకు నేరుగా ఇవ్వొచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో యూనివర్సిటీకి, అన్ని ఆటలకూ కలిపి, పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. మన రూపాయల్లో దగ్గర దగ్గర 180 కోట్లు. పాత ఆటగాళ్లకు బకాయిల కింద పదేళ్లలో 280 కోట్ల డాలర్లు చెల్లించాలి. దశాబ్దాల పాటు పిల్లల చెమట మీద కోచ్‌లు, టీవీ చానళ్లు, యూనివర్సిటీలు సంపాదించుకున్నాయి. ఆటగాడి చేతికి స్కాలర్‌షిప్ తప్ప ఏమీ వచ్చేది కాదు. కాబట్టి ఇది న్యాయమే. ఆలస్యంగా దొరికిన న్యాయం.

అయితే డబ్బుతో పాటు అభిమాని చూపు కూడా మారుతోంది. మొన్నటిదాకా ఆటగాడు "మా పిల్లాడు". ఇప్పుడు "మేం జీతం ఇస్తున్నవాడు". పిల్లాడు తప్పు చేస్తే వెనకేసుకొస్తాం. జీతగాడు తప్పు చేస్తే నిలదీస్తాం. అభిమాని మెల్లగా షేర్‌హోల్డర్ అయిపోతున్నాడు. పెట్టుబడి పెట్టాం, రాబడి ఏది అంటున్నాడు.

ఇందులో కొంత సబబు కూడా ఉంది, కాదనను. హ్యూస్టన్ లాంటి ప్రభుత్వ యూనివర్సిటీల్లో క్రీడల ఖర్చుకు విద్యార్థుల ఫీజుల నుంచి, యూనివర్సిటీ సొంత నిధుల నుంచి కూడా సొమ్ము పోతుంది. ఇక్కడ పొలమో, ప్లాటో తాకట్టు పెట్టి ఎంఎస్‌కు పోయిన మన పిల్లల ఫీజులోనూ అందులో ఒక చిన్న భాగం ఉంటుంది. కాబట్టి డబ్బు ఎలా ఖర్చవుతోందని అడిగే హక్కు వాళ్లకుంది. కానీ ఆ ప్రశ్న యూనివర్సిటీ పెద్దలను అడగాలి. ఫ్రీ త్రో తప్పిన 18 ఏళ్ల కుర్రాడి ఫోన్‌కు బూతులు పంపడం ప్రశ్న అడగడం కాదు.

బెట్టింగ్ దీన్ని ఇంకా పాడు చేస్తోంది. టెక్సాస్‌లో ఆటల మీద పందేలకు చట్టం అనుమతి లేదు, కానీ చాలా రాష్ట్రాల్లో ఉంది. పందెం పోయినవాళ్లు ఆటగాళ్లను ఆన్‌లైన్‌లో వేధిస్తున్నారని, ఒక్కో ఆటగాడి పేరు మీద కాసే పందేలను ఆపాలని కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ స్వయంగా రాష్ట్రాలను కోరింది. బెట్టింగ్ యాప్‌లు ఇళ్లను ఎలా కూలుస్తాయో మన రెండు తెలుగు రాష్ట్రాలకు ఎవరూ నేర్పక్కర్లేదు. మన దీన్‌లో జూదం హరామ్ అని చెప్పింది ఊరికే కాదు. పందెం కట్టినవాడు ఆట చూడడు, తన డబ్బును చూసుకుంటాడు.

దారిలో ఏముంది?

నవంబర్ చివర్లో లాస్ వెగాస్‌లో జరిగే ప్లేయర్స్ ఎరా టోర్నీ మొదటి గట్టి పరీక్ష. కొత్త కుర్రాళ్లు పెద్ద జట్ల ముందు ఎలా నిలబడతారో అక్కడ తెలుస్తుంది. ఒకటో రెండో మ్యాచ్‌లు పోయినా కంగారు పడాల్సింది లేదు. తర్వాత జనవరి నుంచి బిగ్ 12. 16 జట్లు. ఏజే డిబాన్సా వచ్చిన బీవైయూ, డారిన్ పీటర్సన్ వచ్చిన కాన్సాస్, జేటీ టాపిన్ ఉన్న టెక్సాస్ టెక్, ఇంకా అరిజోనా, అయోవా స్టేట్. పోయినసారి లాగా 19-1 మళ్లీ రావాలని కోరుకోవడం అత్యాశే. నాలుగైదు ఓటములతో లీగ్‌లో పై వరసలో ఉంటే అదే గొప్ప.

2026 ఫిబ్రవరి మూడో వారంలో రంజాన్ మొదలవుతుంది. ఈద్ వచ్చేసరికి జాతీయ టోర్నీ తొలి రౌండ్ నడుస్తుంటుంది. ఏ జట్టులో ఉన్నా ముస్లిం ఆటగాళ్లకు ఇది సహరీకీ ఇఫ్తార్‌కూ మధ్య ప్రాక్టీస్, ప్రయాణం, మ్యాచ్ సర్దుకునే కాలం. 2023లో మాలీ దేశపు కుర్రాడు అదామా సనోగో రోజాలు ఉంటూనే కనెక్టికట్‌కు కప్పు తెచ్చి, ఫైనల్ ఫోర్ ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. ఒలాజువాన్ వేసిన దారి ఖాళీగా లేదు.

మార్చి చివరి వారంలో సౌత్ రీజియన్ మ్యాచ్‌లు హ్యూస్టన్‌లోని టొయోటా సెంటర్‌లోనే ఉన్నాయి. రాకెట్స్ జట్టు ఆడే చోటు. అన్నీ కలిసొస్తే కూగర్స్ సొంత ఊళ్లో ఆడి ఫైనల్ ఫోర్‌కు పోవచ్చు. అభిమానులు ఇప్పటినుంచే దీని మీద ఆశ పెట్టుకున్నారు. 2023లో కూడా ఇలాగే పెట్టుకున్నారని ఒకసారి గుర్తు చేయడం నా వంతు. ఫైనల్ ఫోర్ 2026 ఏప్రిల్ 4, 6 తేదీల్లో ఇండియానాపొలిస్‌లో.

మరి ఎంత ఆశ పెట్టుకోవాలి?

ఆశ వద్దని నేను అనడం లేదు. 34 ఏళ్లు ఒక్క గెలుపు లేకుండా కూర్చున్న ఊరికి ఆశపడే హక్కు అందరికన్నా ఎక్కువే. కానీ కొలిచేటప్పుడు మూడు విషయాలు చూడమంటాను.

ఒకటి, జనవరి చివరికల్లా డిఫెన్స్ పాత హ్యూస్టన్ డిఫెన్స్‌లా కనిపిస్తోందా? సెనాక్ లాంటి పొడుగు కుర్రాడు టగ్లర్ పక్కన నిలబడి రీబౌండ్ల కోసం కొట్లాడుతున్నాడా? స్కోరు కన్నా ఇది ముఖ్యం.

రెండు, ఆఖరి రెండు నిమిషాలు. ఫ్లోరిడా మీద ఓడింది అక్కడే. బంతులు చేజార్చుకుని, షాట్ కూడా వేయలేక. క్రయర్ లేడు కాబట్టి ఆ టైంలో బంతి ఎవరి చేతిలో ఉండాలి? ఉజానా, షార్పా, లేక కొత్తగా వచ్చిన ఫ్లెమింగ్సా? ఈ ప్రశ్నకు మార్చి లోపల జవాబు దొరికితే సగం పని అయినట్టే.

మూడు, కోచ్. సాంప్సన్‌కు 2025 అక్టోబర్‌లో 70 నిండాయి. ఏప్రిల్‌లో గెలిచి ఉంటే ఈ టైటిల్ సాధించిన అందరికన్నా పెద్ద వయసు కోచ్ అయ్యేవాడు. ఆయన తర్వాత పగ్గాలు కొడుకు కెలెన్‌కే అని ముందే నిర్ణయమైంది. అంటే తండ్రి చేతుల మీదుగా కప్పు చూడాలంటే మిగిలిన సీజన్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అభిమానుల తొందరకు అసలు కారణం ఇదే, అది నాకు అర్థమవుతుంది. కానీ ఆ తొందర బరువును నిన్నగాక మొన్న వచ్చిన ముగ్గురు పిల్లల భుజాల మీద పెట్టకూడదు.

నా అంచనా అడిగితే: లీగ్‌లో మొదటి మూడు స్థానాల్లో ఒకటి, జాతీయ టోర్నీలో కనీసం రెండో వారం దాకా ఆట. అంతవరకు అడగడం న్యాయం. ఆ పైన వచ్చేదంతా కష్టం, అదృష్టం, అల్లా దయ. ఫైనల్ ఫోర్‌కు వెళితే పండగ చేసుకోండి. వెళ్లకపోతే జట్టును తిట్టేముందు పైన వేసిన గుణకారం ఒకసారి మళ్లీ వేసి చూడండి.

షార్ప్‌కు ఇది కాలేజీలో ఆఖరి సీజన్. ఎక్కడైనా, ఏదో ఒక మ్యాచ్‌లో, చివరి సెకన్లలో బంతి మళ్లీ అతని చేతికి వస్తుంది. ఈసారి అతను షాట్ వేయాలి. అది పడుతుందో లేదో తర్వాతి సంగతి. ఫెర్టిటా సెంటర్‌లో ఎర్ర టీషర్ట్ వేసుకుని నిలబడే మన పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే: పడకపోయినా ఆ రాత్రి అతని పేరు పెట్టి గట్టిగా అరవండి.